మైల్స్ ట్రంపెట్ మీద తెగని తగువు

1964 ఫిబ్రవరి 12 రాత్రి. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని ఫిల్‌హార్మోనిక్ హాలు. మిసిసిపీ, లూసియానా రాష్ట్రాల్లో నల్లజాతి ప్రజలను ఓటర్లుగా చేర్పించే ఉద్యమానికి నిధుల కోసం పెట్టిన కచేరీ. వాయించేది మైల్స్ డేవిస్ బృందం. డబ్బు తీసుకోకుండా వాయించాలన్న సంగతి మీద బృందంలో కొందరు అలిగి, ఆ చిరాకుతోనే వేదిక ఎక్కారట. ఆ వేడి కూడా ఆ రాత్రి సంగీతంలో కలిసిందని మైల్స్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ రాత్రి వాయించినవాటిలో 'మై ఫన్నీ వాలెంటైన్' ఒకటి. 1937లో బ్రాడ్వే నాటకం కోసం రిచర్డ్ రోజర్స్ వరస కట్టగా లోరెంజ్ హార్ట్ మాటలు రాసిన పాట. అమెరికా వాళ్లకి నోటికి వచ్చిన పాట. హెర్బీ హాంకాక్ పియానో మీద దారి వేశాక మైల్స్ ట్రంపెట్ ఎత్తుతాడు. అందరికీ తెలిసిన ఆ వరసని చెప్పీ చెప్పనట్టు రెండు ముక్కలు అంటాడు. ఆగుతాడు. మళ్లీ అందుకుని ఇంకో దిక్కుకి లాక్కుపోతాడు. ఆ వెళ్లడంలో ఒక స్వరం అంచు విరుగుతుంది. ఇంకొకటి సగమే తెరుచుకుంటుంది. మరొకచోట స్వరం కంటే ఊపిరే ఎక్కువగా వినబడుతుంది. ఉన్నట్టుండి తారస్థాయికి లేస్తాడు, అక్కడ నిలబడతాడో పడతాడో తెలియకుండా. ఇదంతా రికార్డయింది, 1965లో ఆ పాట పేరుతోనే ఆల్బమ్‌గా వచ్చింది.

అప్పట్నుంచీ జాజ్ రసికులు దీని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకాయన అంటాడు: "ఇదేం వాయింపండీ? స్వరాలు పగిలిపోతున్నాయి. మ్యూజిక్ కాలేజీలో కుర్రాడు ఇలా ఊదితే పరీక్ష తప్పిస్తారు." పక్కాయనకి ఒళ్లు మండుతుంది: "నీకు పగుళ్లు వినబడ్డాయి గానీ మనిషి వినబడలేదు. రక్తి అంటూ ఒకటుంటుంది." మూడో ఆయన ఇద్దరినీ ఆపి, "ఇదంతా ట్రంపెటర్ ఫ్రెడ్డీ వెబ్‌స్టర్ దగ్గర మొదలైంది, తెలుసా?" అంటూ వంశవృక్షం విప్పుతాడు. మన సభల్లో కచేరీ అయ్యాక క్యాంటీన్ దగ్గర జరిగే వాదనలు విన్నవాళ్లకి ఈ ముగ్గురూ పాత పరిచయస్తులే.

సాధన, రక్తి, బాణీ ఎవరిదన్న ప్రశ్న. తగువంతా ఈ మూడింటి చుట్టూనే. నా మాట అడిగితే, మొదటి ఇద్దరూ ఎంతసేపు వాదించుకున్నా మళ్లీ రికార్డు పెట్టుకోవాల్సిన అవసరం రాదు, ఎవరి తీర్పు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. మూడో ఆయన మాట తేలాలంటే మటుకు కనీసం రెండు రికార్డులు వినక తప్పదు. అందుకని నా ఓటు ఆయనకే. అలాగని మొదటి ఇద్దరినీ వదిలేస్తే వాద్యం సంగతే తెలియదు.

మనలో చాలామందికి ట్రంపెట్ పరిచయమైంది పెళ్లి ఊరేగింపులో, బ్యాండు మేళంలో. అక్కడ దాని పని వీధి చివరిదాకా వినబడటం. అసలు వస్తువు చూస్తే, మడిచిన ఇత్తడి గొట్టం. చాపితే సుమారు నాలుగున్నర అడుగులు. మూడు వాల్వులు. ఆ మూడింటినీ ఎన్ని రకాలుగా కలిపి నొక్కినా గొట్టానికి వచ్చేవి ఏడు పొడవులే. మరి రెండున్నర స్థాయిల స్వరాలూ ఎక్కడి నుంచి వస్తాయి? పెదవుల నుంచి. ఒకే వాల్వు నొక్కి ఉంచి పెదవుల బిగువునీ ఊపిరి వేగాన్నీ మారిస్తే ఒక స్వరం మీద ఇంకో స్వరం పలుకుతుంది. కింద ఈ స్వరాలు దూరదూరంగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. పెదవి వెంట్రుకవాసి తప్పిందా, పక్క స్వరం పలుకుతుంది, లేదా రెండింటి మధ్యా చిట్లుతుంది. వీణకైతే మెట్లున్నాయి, హార్మోనియానికి మీటలున్నాయి. ట్రంపెట్ వాయించేవాడు మనసులో ఆ స్వరాన్ని ముందే విని, పెదవితో పట్టుకోవాలి. పైగా ఆ గొంతు ఎంత పెద్దదంటే, తప్పు జరిగితే హాలంతటికీ తెలుస్తుంది.

పెదవులంటే కండ. అలిసిపోతుంది, చిట్లుతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి తారస్థాయిలో వాయించి పెదవులు పాడుచేసుకుని కొంతకాలం ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. సాధన సాధన అని ఇంత పట్టుదలగా మాట్లాడేవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే. ఈ వాద్యంలో అదృష్టం మీద బతకడం కుదరదు.

ఆ పక్షం వాళ్లు చూపించే రికార్డులు కూడా ఆషామాషీవి కావు. 1928 జూన్ 28న ఆర్మ్‌స్ట్రాంగ్ షికాగోలో 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు చేశాడు. తన గురువు కింగ్ ఆలివర్ కట్టిన వరస. ఎవరి తోడూ లేకుండా ఒక్కడే ట్రంపెట్ మీద మొదలుపెడతాడు. అది పావు నిమిషం కూడా ఉండదు. నాలుగు స్వరాలు నిటారుగా పైకి నిలబెట్టి, తర్వాత మెలికలు తిరుగుతూ కిందికి దిగి బృందాన్ని పిలుస్తాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ట్రంపెటర్ ఆ కాస్త ముక్కా సాధన చేసి వదిలినవాడే. ఆయన తర్వాత రాయ్ ఎల్డ్రిడ్జ్ వేగం పెంచాడు. ఎల్డ్రిడ్జ్‌ని అనుకరించబోయి డిజ్జీ గిలెస్పీ ఇంకో లోకంలోకి వెళ్లిపోయాడు. బుగ్గలు పూరించి ఊదకూడదని ప్రతి మాస్టారూ చెబుతాడు. డిజ్జీ బుగ్గలు కప్పల్లా ఉబ్బించి ఊదుతూనే, అప్పటిదాకా ట్రంపెట్ మీద కుదరదనుకున్న వేగంతో బీబాప్ అనే కొత్త బాణీకి తలుపు తీశాడు. పుస్తకంలో ఉన్న పద్ధతే సాధన అనుకునేవాళ్లు ఆ బుగ్గల దగ్గర కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

ఇక మైల్స్. 1926లో ఇలినాయ్ రాష్ట్రంలో పుట్టాడు, ఈస్ట్ సెయింట్ లూయీలో పెరిగాడు. తండ్రి పళ్ల డాక్టరు, కలిగిన కుటుంబం. 1944లో జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదువుకని న్యూయార్క్ వచ్చాడు గానీ, కుర్రాడి ధ్యాసంతా సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఏ క్లబ్బులో ఉన్నాడా అన్నదాని మీదే. ఏడాది తిరిగేసరికి పార్కర్ బృందంలో చేరాడు. 1945 నవంబర్ 26న సవాయ్ కంపెనీకి రికార్డింగు. మైల్స్‌కి 19 ఏళ్లు. అంత వేగం లేని బ్లూస్ వరసలు తనే వాయించాడు. 'కో-కో' అనే మెరుపువేగం పాట వచ్చేసరికి ట్రంపెట్ డిజ్జీ చేతుల్లోకి వెళ్లింది. తాను అప్పటికి సిద్ధంగా లేనని మైల్స్ కూడా దాచుకోలేదు. ఆ రికార్డులు వచ్చాక 'డౌన్ బీట్' పత్రిక ఆ కుర్ర ట్రంపెటర్‌ని ఉతికి ఆరేసింది.

సాధన పక్షం కేసు ఇక్కడ మొదలవుతుంది. "డిజ్జీలా వాయించలేకపోయాడు. చేతకానిదాన్ని వదిలేసి, చేతనైనదానికి బాణీ అని పేరు పెట్టుకున్నాడు." ఇందులో నిజం లేదని నేను అనను. ఏ కళాకారుడి బాణీలోనైనా, తనకు కుదరని దాన్నుంచి తప్పుకున్న దారి కొంత ఉంటుంది. అయితే ఆ వాదానికి అడ్డుపడే రికార్డు ఒకటుంది, అది అదే రాత్రిది.

1964 కచేరీలో నెమ్మదైన పాటలు ఒక ఆల్బమ్‌గా వచ్చాయని చెప్పాను. వేగమైనవన్నీ కలిపి 1966లో 'ఫోర్ అండ్ మోర్' పేరుతో రెండోది వేశారు. అదే హాలు, అదే ట్రంపెట్, అవే పెదవులు. డ్రమ్స్ మీద టోనీ విలియమ్స్, అప్పటికి 18 ఏళ్లవాడు, తరుముతుంటే మైల్స్ 'వాకిన్' అనే పాటని గుర్రం తోలినట్టు తోలుతాడు. తారస్థాయిలో చాకులా దిగే స్వరాలు. మామూలు వాద్యకారుడికి ఊపిరి అందని వేగం. చేతకానివాడు వాయించేది కాదది. అలాంటివాడు ఒక గంట అటూ ఇటూగా 'వాలెంటైన్'లో అలా ఎందుకు ఊదాడు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ పగుళ్ల మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

రాబర్ట్ వాల్సర్ అనే సంగీత పండితుడు 1993లో సరిగ్గా ఈ 'వాలెంటైన్' మీదే పెద్ద వ్యాసం రాశాడు. ఆయన స్థూలంగా చెప్పిందేమిటంటే, మైల్స్ కావాలని ప్రమాదం అంచున నడిచాడు, ఎప్పుడూ భద్రమైన చోట కాలు పెట్టే ట్రంపెటర్‌కి ఆ స్వరాలు దొరకవు. మైల్స్ పగుళ్లు తీసేసి మిగతాది మెచ్చుకోవడం గానీ, అవి లేనట్టు నటించడం గానీ విమర్శ కాదు. ఈ మాట నాకు చాలావరకు నచ్చింది. కానీ పూర్తిగా కాదు. వాల్వు సగం నొక్కి స్వరాన్ని గొంతు పూడుకుపోయినట్టు పలికించడం వేరు, అది తెలిసి చేసిన పని, మన గమకంలాగే దానికో మొదలూ చివరా వినబడతాయి. పెదవి జారి స్వరం చిట్లడం వేరు. 'వాలెంటైన్'లో రెండూ ఉన్నాయి. మొదటిదాన్ని తప్పనడం ఎంత అన్యాయమో, రెండోదానికి తత్త్వం తగిలించడం అంత అతి. ప్రమాదం అంచున నడిచినవాడు అప్పుడప్పుడు పడతాడు. పడ్డాడని ఒప్పుకుంటే మైల్స్‌కి వచ్చే లోటేం లేదు.

అసలు మైల్స్ సాధన ఎక్కడుందో తెలియాలంటే ఇంకో వస్తువు దగ్గరికి వెళ్లాలి. హార్మన్ మ్యూట్ అని, ట్రంపెట్ నోటికి బిగించే అల్యూమినియం బుర్ర. చుట్టూ కార్కు ఉంటుంది గనక పక్కలనుంచి ఊపిరి పోదు, అంతా ఆ బుర్రలోంచే రావాలి. దాని మధ్యలో ఒక చిన్న గొట్టం వస్తుంది. చాలామంది ఆ గొట్టం మీద అరచెయ్యి మూసి తెరిచి 'వా వా' అనిపిస్తారు. మైల్స్ ఆ గొట్టం పీకి పారేశాడు. మిగిలింది సన్నగా, జీరగా, ఒకింత లోహపు వాసనతో వచ్చే గొంతు. అది దూరానికి సరిగ్గా వినబడదు. అందుకని ట్రంపెట్‌ని మైకుకి దాదాపు ఆనించి వాయించాడు. 1955 జూలైలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో 'రౌండ్ మిడ్‌నైట్' అలా వాయించాకే కొలంబియా రికార్డు కంపెనీ కళ్లు ఆయన మీద పడ్డాయి. నేనిప్పుడు మైకు ముందు కూర్చుని గొంతు చించుకోకుండా మీ పక్కన ఉన్నట్టు మాట్లాడగలుగుతున్నాను చూడండి, ఆ పని ఆయన ఇత్తడి వాద్యంతో చేశాడు. వీధి చివరిదాకా వినబడటానికి పుట్టిన వాద్యాన్ని చెవిలో మాట చెప్పడానికి లొంగదీసుకోవడం ఏ వేగపు స్వరాలకీ తీసిపోని సాధన. తక్కువ ఊపిరితో నెమ్మదిగా పట్టిన స్వరం నిలబడటం ఎంత కష్టమో ట్రంపెట్ పట్టినవాళ్లనడగండి.

ఇక రక్తి పక్షం. మనసుకి దగ్గరగా ఉండే పక్షం గనక దీన్ని ఎవరూ గట్టిగా నిలదీయరు. నిలదీసిన సందర్భం ఒకటి చెబుతాను.

లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1946లో ఒక సరదా మొదలుపెట్టాడు. వాద్యకారుడిని కూర్చోబెట్టి, ఎవరిదో చెప్పకుండా రికార్డులు వినిపించి, ఇది ఎవరు, ఎలా ఉంది, ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడగడం. కళ్లకు గంతలు కట్టిన పరీక్ష అన్నమాట. అది పత్రికలో అచ్చయ్యేది. 1951లో రాయ్ ఎల్డ్రిడ్జ్ వంతు వచ్చింది. ఎల్డ్రిడ్జ్ నల్లజాతివాడు, తెల్లవాళ్ల బృందాల్లో పనిచేసి, హోటలు గుమ్మాల దగ్గర ఎన్ని అవమానాలు పడ్డాడో లెక్కలేదు. వాయింపు వింటే వాయించేవాడు నల్లవాడో తెల్లవాడో చెప్పేస్తానని ఆయన ఫెదర్‌తో పందెం కాశాడు. రికార్డులు నడిచాయి. ఆయన చాలాసార్లు తప్పు చెప్పాడు, కొన్నిచోట్ల తేల్చుకోలేకపోయాడు. చివరికి పందెం ఓడిపోయానని ఒప్పుకున్నాడు. అంత పెద్ద విద్వాంసుడు, ఆ చెవి, అయినా కుదరలేదు. "ఆ ప్రాణం వాళ్ల నెత్తుట్లోనే ఉంది", "ఈ తెల్లకుర్రాడికి అదెలా వస్తుంది" అనే మాటలు ఇప్పటికీ వాదనల్లో దొర్లుతుంటాయి. అలా అనేవాళ్లు ముందు ఎల్డ్రిడ్జ్ కూర్చున్న కుర్చీలో కూర్చుని చూడాలి.

రేడియో శ్రోతలకి ఆ పరీక్ష కొత్తేం కాదు. 1955 జనవరి నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానవర్ అనే ఆయన రోజూ జాజ్ వినిపించేవాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలికేవాడు. షార్ట్‌వేవ్ గరగరల మధ్య మన దేశంలోనూ, ఇనుపతెర అవతలా ఆ గొంతు కోసం ట్యూన్ చేసుకున్నవాళ్లున్నారు. వాయించేవాడి ముఖం, రంగు, కోటు, కథ ఏవీ తెలియకుండా మొదట స్వరమే చేరింది వాళ్లకి. అలా విన్నవాళ్లు అదృష్టవంతులని నా అభిప్రాయం.

రక్తి విషయంలో కథ ఎంత అడ్డు పడుతుందో చెట్ బేకర్ దగ్గర చూడొచ్చు. 1952లో లాస్ ఏంజెలెస్‌లో సాక్సఫోన్ వాద్యకారుడు జెర్రీ మల్లిగన్‌తో పియానో లేని చిన్న బృందంలో పైకొచ్చాడు. ఓక్లహోమా కుర్రాడు, సినిమా నటుడి ముఖం, ఎప్పుడూ మధ్యస్థాయిలోనే తిరిగే మెత్తటి ట్రంపెట్. డిజ్జీ, మైల్స్, క్లిఫర్డ్ బ్రౌన్ అందరూ వాయిస్తున్న రోజుల్లో పాఠకుల ఓటింగులో ఈయన మొదటి స్థానంలో నిలిచాడు. మైల్స్‌కి అది చివరిదాకా మంట. తన దగ్గర ఎత్తుకుపోయి, తెల్లగా ఉన్నాడు గనక కిరీటం కొట్టేశాడని ఆయన బాధ. కిరీటం విషయంలో మైల్స్ కోపం న్యాయమే. ఎత్తుకుపోవడం సంగతి వేరే. చెవి పెట్టి వింటే చెట్ వాక్యం గుండ్రంగా, గాయకుడి వాక్యంలా ఎక్కడో చోట ముగుస్తుంది. మైల్స్ వాక్యం సగంలో ఆగిపోయి మిగతాది మనకి వదిలేస్తుంది. ఇద్దరూ మెత్తగా వాయించినంత మాత్రాన ఒకరి బాణీ ఇంకొకరిది అయిపోదు.

తర్వాత చెట్ జీవితంలో మాదకద్రవ్యాలు, జైళ్లు. 1966లో దెబ్బలు తిని పళ్లు పోగొట్టుకున్నాడు. ట్రంపెటర్‌కి పళ్లు పోవడమంటే పెదవికి ఆధారం పోవడం. కట్టుడు పళ్లు పెట్టించుకుని, పెదవిని ఓనమాల నుంచి మళ్లీ దిద్దించి, 1970లలో తిరిగొచ్చాడు. 1988లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటలు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ చివరి ఏళ్ల రికార్డులు వింటూ రసికులు "ఎంత బాధ పడ్డాడో, ఆ బాధంతా వినబడుతోంది" అంటారు. నాకు వినబడేది ఎక్కువగా ఆ మొండి సాధన. కొత్త పళ్ల మీద పాత గొంతు తెచ్చుకోవడానికి ఆ మనిషి చేసిన పని ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన్ని రక్తి పద్దులో రాసి సాధన పద్దులోంచి కొట్టేయడం ఎంత విడ్డూరమో చూడండి.

బాధ పడ్డవాడికే రక్తి అన్న లెక్క క్లిఫర్డ్ బ్రౌన్ దగ్గర పూర్తిగా తప్పుతుంది. మందూ మాదకద్రవ్యాలూ ముట్టని మనిషి, లెక్కల్లో దిట్ట, మర్యాదస్థుడు. ట్రంపెటర్ ఫ్యాట్స్ నవారో దారిలో నడిచి అంతకంటే నిండుగా, ఒక్క స్వరం కూడా నలగకుండా వాయించాడు. ఎంత వేగంలోనైనా ప్రతి స్వరానికీ దాని గుండ్రదనం ఉంటుంది. 'జాయ్ స్ప్రింగ్' వింటే పేరుకి తగ్గట్టు సంతోషమే వినబడుతుంది, దాంట్లో రక్తి లేదన్నవాడిని నేనింతవరకు చూడలేదు. 1956 జూన్ 26న పెన్సిల్వేనియాలో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25.

క్లిఫర్డ్‌కి తగలని మాట వింటన్ మార్సాలిస్‌కి తగిలింది. న్యూ ఆర్లియన్స్ వాడు, సంగీత కుటుంబం. హైడెన్ ట్రంపెట్ కాన్సర్టో, జాజ్ ఆల్బమ్ రెండూ చేసి, 1984 గ్రామీ సభలో శాస్త్రీయానికీ జాజ్‌కీ ఒకే రాత్రి బహుమతులు అందుకున్నాడు. అప్పటికి 22 ఏళ్లు. అంత శుభ్రంగా వాయించేసరికి "విద్వత్తు ఉంది, రక్తి లేదు" అన్నారు. మైల్స్ చేస్తున్నది జాజే కాదని వింటన్ అన్నాడు. అప్పటికి మైల్స్ ఎలక్ట్రిక్ గిటార్ల వైపు వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయింది. 1986లో వాంకూవర్ ఉత్సవంలో మైల్స్ వాయిస్తుండగా పిలవకుండా వింటన్ వేదిక ఎక్కితే, మైల్స్ బృందాన్ని ఆపేసి దిగిపొమ్మన్నాడు. తగువు కోరుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

నాకు మటుకు ఆ వేదిక గొడవ కంటే 1981 నాటి సంగతి ఆసక్తి. హెర్బీ హాంకాక్ ఒక బృందం కట్టి తిరిగాడు. పియానో తను, బేస్ రాన్ కార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. 1964 రాత్రి మైల్స్ వెనకున్న ముగ్గురూ మళ్లీ ఒకచోట. మైల్స్ నిలబడ్డ చోట 19 ఏళ్ల వింటన్. ఆ రికార్డు పెట్టుకుని వినండి. నిండైన గొంతు ట్రంపెటర్లు క్లిఫర్డ్, ఫ్రెడ్డీ హబ్బర్డ్‌ల వైపుది. వాక్యం ఎక్కడ విరవాలో, బీటు మీద ఎక్కడ వెనక్కి తగ్గాలో చాలాచోట్ల మైల్స్‌ది. మైల్స్ మీద అంత ఎగిరినవాడి చేతిలోనే మైల్స్ ఉన్నాడు. ఇది తిట్టు కాదు. విన్నవాడికి తేలే విషయం.

ఇలా తేలేవి ఇంకా ఉన్నాయి. మైల్స్‌కి చిన్నప్పుడు నేర్పిన ఎల్‌వుడ్ బుకానన్ స్వరాన్ని వణికించవద్దనేవాడు, ముసలితనంలో ఎలాగూ వణుకుతుందిలే అని. ఈస్ట్ సెయింట్ లూయీ చుట్టుపక్కలే ఎదిగిన క్లార్క్ టెర్రీ మైల్స్ తొలి ఆరాధ్యుడు. ఫ్రెడ్డీ వెబ్‌స్టర్ స్నేహితుడు, తక్కువ స్వరాలతో పెద్ద నాదం పలికించేవాడు, 1947లోనే పోయాడు. ఇదంతా ట్రంపెటర్ల గొలుసు. దాన్నిక్కడే ఆపితే అసలు దాత తప్పిపోతాడు. ఆయన వాద్యం పియానో. పేరు అహ్మద్ జమాల్.

జమాల్ పియానో మీద వాయించడం కంటే ఆగడం ఎక్కువ. చెయ్యి ఎత్తి ఉంచేస్తాడు, బేసూ డ్రమ్సూ నడుస్తుంటాయి, తాళం తిరిగొచ్చేచోట రెండు స్వరాలు చిలకరిస్తాడు. కొందరు విమర్శకులు కాక్‌టెయిల్ సంగీతం, హోటలు సంగీతం అని కొట్టిపారేశారు. మైల్స్ తన పియానిస్టు రెడ్ గార్లండ్‌ని పోయి ఆయన్ని విని రమ్మనేవాడు. 1957లో గిల్ ఎవాన్స్‌తో చేసిన 'మైల్స్ అహెడ్' ఆల్బమ్‌లో జమాల్ కట్టిన 'న్యూ రుంబా' ఉంది. ముందు జమాల్ మూడు వాద్యాలతో చేసిన రికార్డు వినండి. తర్వాత గిల్ ఎవాన్స్ పెద్ద ఆర్కెస్ట్రాతో చేసింది. పియానో కుడిచేతి మాటలు ట్రంపెట్ తరహా వాద్యం ఫ్లూగల్‌హార్న్‌కి, ఎడమచేతి జవాబులు ఆర్కెస్ట్రాకి, మధ్యలో ఖాళీలు యథాతథంగా. చెవులున్నవాళ్లెవరికైనా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది మైల్స్ మౌనం ఎక్కడ నేర్చుకున్నాడో. వాక్యం విరవడం ఫ్రాంక్ సినాట్రా పాట విని నేర్చుకున్నానని కూడా ఆయన చెప్పుకున్నాడు. ట్రంపెటర్‌ని ట్రంపెటర్లతోనే పోల్చి తక్కువ చేసినవాళ్లు ఈ రెండు ఇళ్లకీ వెళ్లనేలేదు.

ప్రభావం మాట ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే వాలెస్ రోనీ ఉన్నాడు. 1960లో పుట్టాడు, 2020లో పోయాడు. జీవితమంతా "మైల్స్ నకలు" అన్న మాట పడ్డాడు. ఆయనకి మైల్స్ స్వయంగా దగ్గరుండి నేర్పాడు, ట్రంపెట్ కూడా ఇచ్చాడు. 1991 జూలైలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఉత్సవంలో, వెనక్కి చూడటం ఇష్టం లేని మైల్స్‌ని క్విన్సీ జోన్స్ ఒప్పించి, గిల్ ఎవాన్స్ పాత ఆర్కెస్ట్రా వరసలు మళ్లీ వాయింపజేశాడు. మైల్స్ ఆరోగ్యం బాలేదు. పక్కన రోనీని నిలబెట్టుకున్నాడు. కష్టమైన చోట్ల రోనీ అందుకున్నాడు, కొన్నిచోట్ల ఒకరి వెనక ఒకరు వాయించారు. ఆ సెప్టెంబర్ 28న మైల్స్ చనిపోయాడు.

ఆ కచేరీ రికార్డు దొరుకుతుంది, వీడియో కూడా ఉంది. వీడియో చూడకండి. ఆ రికార్డులోని 'మైల్స్ అహెడ్' పాటలూ, 'స్కెచెస్ ఆఫ్ స్పెయిన్'లోని 'సోలెయా' కూడా పెట్టుకుని, పక్కన ఇంకో రసికుడిని కూర్చోబెట్టుకుని, ఏ వాక్యం ఎవరిదో కాగితం మీద రాయండి. శుభ్రంగా, నిండుగా ఉన్నది రోనీ, సన్నగా, తడబడుతున్నది మైల్స్ అని మొదట తేలిగ్గా రాసేస్తారు. రెండోసారి విన్నప్పుడు, తడబడుతున్న ఆ సన్నటి గొంతు మిగతావాళ్లందరి కంటే ఆలస్యంగా, ఆర్కెస్ట్రా దాటిపోయాక, ఒకే ఒక్క స్వరంతో దిగేచోట మీ ఇద్దరి కాగితాలూ కలవవు. అప్పుడు మొదలయ్యే వాదనకి నన్ను పిలవకండి, మూడోసారి వినండి.